తలా ఒక అడుగు నేల

మన ఊరి నుంచి,
ఆదివారం మధ్యాహ్నం

హేమశ్రీ టీచరుగారికి చలమయ్య నమస్కారాలు.

ఉత్తరం మొదట్లో ‘ఇక్కడ మేమంతా క్షేమం’ అని రాయాలని మా మాస్టారు చెప్పేవారు. ఆ ముక్క రాయబోయి ఆగిపోయాను. నేను క్షేమంగా లేనమ్మా. అబద్ధంతో మొదలుపెట్టడం దేనికి? ఇప్పటికే ఒకటి ఆడి పన్నెండు రోజులయింది. దాన్ని మోయలేకే ఈ కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

ఫోనుంది కదా అంటారు. నా గొంతు సంగతి మీకు తెలుసు. చేలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కేకలేసి కేకలేసి, ‘హలో’ అన్నా తగాదాకి దిగినట్టే ఉంటుంది. ఎదురుగా వచ్చి చెప్పేద్దామని మూడుసార్లు బడికొచ్చాను. మూడుసార్లూ మీరు ‘రండి బాబాయిగారూ’ అని కుర్చీ వేయించారు. ఒకసారి వాన గురించీ, ఒకసారి బోరు మోటారు గురించీ, ఇంకోసారి మిరపకి వస్తున్న ముడత గురించీ మాట్లాడి తిరిగొచ్చేశాను. పోనీ వేపచెట్టుకి మీరు కట్టించిన ఉత్తరాల డబ్బాలో వేద్దామా అంటే, అందులో పడ్డ ప్రతి ఉత్తరాన్నీ రోజుకొకరు చొప్పున పిల్లలు తీసి, ప్రార్థన అయ్యాక అందరికీ వినపడేలా చదువుతారాయె. అంత గుండె నాకు లేదు. అందుకే సత్తెనపల్లిలో మీ ఇంటి అడ్రసు కనుక్కుని పోస్టులో వేస్తున్నాను.

అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి. పుట్టుకతో నాది ఎడమచేతివాటం. ఇదే బళ్ళో, ఇదే గదిలో, మా మాస్టారు ఎడమచేతి కణుపుల మీద స్కేలుతో కొట్టి కొట్టి కుడిచేత్తో రాయించారు. అన్నం, రాత కుడిచేత్తో. మిగతా పనంతా ఎడమచేత్తో. అలాగే అలవాటైపోయింది.

రెండేళ్ళ కిందట మీరొచ్చేసరికి మన బడి ముందు స్థలం ఎలా ఉండేది? వానొస్తే బురద, ఎండలొస్తే నెర్రెలు. మాఘమాసం వచ్చిందంటే ఊరందరి మిరపకాయలూ అక్కడే ఎండేవి. ఆ ఘాటుకి పిల్లలు కిటికీలు మూసుకుని, తుమ్ముతూ ఎక్కాలు చదివేవాళ్ళు. అక్కడ ముందుగా పట్టా పరిచేవాణ్ణి నేనే. మీరు ఇంటికొచ్చి, "బాబాయిగారూ, ఆ స్థలం పిల్లలకి కావాలండి" అన్నారు. "తీసుకోండమ్మా, దున్నిపెట్టమంటారా ఏంటి?" అని ఎగతాళి చేశాను. మీరు "ఎప్పుడు వస్తారు?" అని అడిగి, నాచేత నిజంగానే ఒక మూల దున్నించారు. ఊళ్ళో నా నోరు మూయించిన మొదటి మనిషి మీరే.

ఆ తర్వాత ఒక్కొక్కటీ చూస్తూ వచ్చాను. మా కొట్టంలో తుప్పు పట్టిన, చేను గీసే దంతె ఇనప పళ్ళు అడిగి పట్టుకెళ్ళి వేపకొమ్మకి వేలాడదీయించారు. పిల్లలు వాటిని వాయిస్తే రోడ్డున పోయే ఆటోవాళ్ళు ఆగి వినేవారు. నడిమధ్య ఒక గుంజ పాతి, గంటగంటకీ దాని నీడ చివర రాయి పెట్టించి గడియారం చేశారు. ఎండాకాలం నెర్రెల్లో పుల్లలు దూర్చి లోతు కొలిపించారు. అరవయ్యేళ్ళుగా ఆ నెర్రెలు దాటుకుంటూ తిరుగుతున్నాను. అవి ఎంత లోతుంటాయో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా తోచలేదు. మా మనవరాలు ఆశ్రిత ఇంటికొచ్చి "మూరెడు మీద నాలుగు వేళ్ళు తాతా!" అంటే, కలుపుకున్న అన్నం పక్కనపెట్టి దాని కబుర్లే విన్నాను.

అన్నిటికన్నా నాకు అంతుపట్టనిది ఆ చదరాలు. ఉత్తరం మూల నేలని బాగుచెయ్యకుండా అలాగే వదిలేసి, పత్తికట్టె పుల్లలు పాతి, పురికొసతో అడుగు చదరాలు కట్టి, ముప్ఫై రెండు మంది పిల్లలకీ తలా ఒక అడుగు నేల ఇచ్చారు. ఏదీ పీకకూడదు, ఏదీ నాటకూడదు. ఆ అడుగులో ఏం మొలిచింది, ఏం పాకింది అని చూసి నేల పుస్తకంలో రాసుకోవాలి. "ఏమ్మా, పిల్లలకి గడ్డి చూపించటానికి గవర్నమెంటు మిమ్మల్ని పంపిందా?" అని బడి కమిటీ మీటింగులో నవ్వాను. మీరు మర్చిపోయి ఉంటారు. నేను మర్చిపోలేదు.

ఎందుకంటే ఆ నవ్విన వారంలోనే ఆశ్రిత నన్ను మా పత్తిచేలోకి లాక్కెళ్ళింది. ఆకు అడుగున జిగటగా పేనుబంక పట్టింది. మందు కలుపుతుంటే నా చెయ్యి పట్టుకుని, "తాతా, ఆగు. ఆ అక్షింతల పురుగు చూడు, పేనుబంకని తింటోంది. నా చదరంలో కూడా ఇట్టాగే తింది. ఇయ్యాల మందు కొట్టకు" అంది. ఒంగి చూశాను. నిజమే, ఎర్రటి చుక్కల పురుగు ఒక్కో పేనునీ నింపాదిగా తింటోంది. ఆ వారం మందు కొట్టలేదు. చేనుకేమీ కాలేదు. నలభయ్యేళ్ళ సేద్యంలో నాకు నా చేను చూపించినవాళ్ళు లేరు, ఎనిమిదేళ్ళ పిల్ల చూపించింది. ఆ రోజు మనసులో మీకు దండం పెట్టుకున్నాను.

ఇంత చూసి, ఇంత మెచ్చుకుని, ఆ చదరాలన్నిటినీ చంపింది నేనేనమ్మా.

గురువారం మండలం నుంచి ఆఫీసర్లు వస్తున్నారనీ, మన బడి స్థలం చూసి మిగతా బళ్ళలో కూడా ఇలా చేయిస్తారనీ మీరు చెప్పిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవలేదు. రెండు వారాల కిందటి ఆదివారం పొద్దున్నే వెళ్ళి చూశాను. ఉత్తరేణి, వయ్యారిభామ మోకాలెత్తున ఉన్నాయి. చేలో గడ్డి కనపడితే రైతు చెయ్యి ఊరుకోదమ్మా. గడ్డి ఉన్న చేను చూసి మాలో మేము ‘వాడి పనైపోయింది’ అనుకుంటాం. పెద్దవాళ్ళు వచ్చి ‘ఈ ఊళ్ళో రైతులే లేరా’ అంటారేమోనని నాకు తల తీసేసినట్టయింది. ఇంటికెళ్ళి గడ్డిమందు కలుపుకుని ట్యాంకు వీపుకి తగిలించుకొచ్చాను. చదరాలని ఆనుకుని పిల్లలు నాటిన వంగమొక్కలకి ఏమీ కాకూడదని ఆ మడి మొత్తానికి ఖాళీ సంచులు కప్పి, మూలల్లో రాళ్ళు పెట్టి మరీ కొట్టాను. బుధవారం కూలీలని పెట్టి మాడిన గడ్డి చెక్కించి, కల్లంలా నున్నగా చేసి మీకు చూపించాలని నా ఆశ. పురికొసలు కాళ్ళకి తగులుతూనే ఉన్నాయి. వాటిని దాటుకుంటూ కొట్టాను. అది పిల్లల చదువని తెలిసి కూడా ఆ పూట నా కంటికి గడ్డిగానే కనపడింది.

సోమవారం పొద్దున పళ్ళు తోముకుంటుంటే, ఆ నేల మీద పిల్లలు చేతులు ఆనించి కూర్చుంటారని తట్టింది. తుంపర పడుతోందని ఆ రోజు మీరెవర్నీ బయటికి వదల్లేదు, బతికిపోయాను. మంగళవారానికి ఆకులన్నీ ఉడకబెట్టినట్టు వాలిపోయాయి.

ఆ సాయంత్రం తల్లిదండ్రులందర్నీ పిలిచి "ఎవరు చేశారండీ?" అని అడిగారు. మీరు కేకలేసి ఉంటే నేనూ కేకలేసి ఒప్పేసుకునేవాణ్ణేమో. మీరు మెల్లిగానే అడిగారు. పిల్లలు మీ వెనక నిలబడ్డారు. ఆశ్రిత నా వంకే చూస్తోంది. "ఎవరు చేస్తారమ్మా, పక్కన వేణుగోపాల్ పత్తిచేనుందిగా. గాలికి అక్కడి మందు కొట్టుకొచ్చి ఉంటుంది" అనేశాను. అందరూ తలలూపారు. వేణుగోపాల్ మా సుబ్బరావమ్మకి సొంత తమ్ముడు, నాకు బావమరిది. అతను నన్నొక చూపు చూసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి మా గడప తొక్కలేదు. మా ఆవిడ నాతో మాటలు మానేసి, ‘నా తమ్ముడు అట్టాంటోడు కాదు’ అని పొయ్యితో చెబుతోంది.

నిన్న బస్టాండులో ఇంకో మాట విన్నాను. పొదిలి వైపు మాస్టారొకాయన ఇక్కడికీ, మీరు ఆయన బడికీ మార్చుకుంటున్నారట. మీ పుట్టిల్లు పొదిలి, వెళ్ళడం తప్పేం కాదు. కానీ రెండేళ్ళుగా లేని ఆలోచన ఇప్పుడే ఎందుకొచ్చిందో నాకు తెలుసు. వెళ్ళకండమ్మా. నన్నేం చెయ్యమంటే అది చేస్తాను. ఒక్కటే వేడుకోలు, ఈ సంగతి మన ఇద్దరి మధ్యే ఉండనివ్వండి. నలుగురిలో పడినా తట్టుకుంటానేమో గానీ, మా ఆశ్రితకి తెలిస్తే దాని ముందు తలెత్తుకోలేను.

తప్పు చేసినవాడు,
చలమయ్య


సత్తెనపల్లి,
బుధవారం

చలమయ్య బాబాయిగారికి,

మీ ఉత్తరం నిన్న అందింది. రెండుసార్లు చదివాను. ఈ జవాబు అంటించి ఆశ్రిత చేతికే ఇస్తున్నాను. మీ పేరు రాసి ఉంది కాబట్టి అది విప్పదు, నాకా నమ్మకముంది.

ముందు నా సంగతి చెబుతాను. ఆ మంగళవారం ఇంటికి రాగానే పొదిలి మాస్టారికి ఫోన్ చేసి ‘సరే, మార్చుకుందాం’ అన్న మాట నిజమే. గడ్డి పోయినందుకు కాదు. గడ్డి మళ్ళీ మొలుస్తుంది, ఆ సంగతి మీకే ఎక్కువ తెలుసు. పిల్లల ముందు ఒక పెద్దాయన అబద్ధం ఆడటం, మిగతా పెద్దలంతా తలూపడం చూసి నాకు ఈ ఊరంటేనే మనసు విరిగిపోయింది. అవును బాబాయిగారూ, నాకు ఆ సాయంత్రమే తెలుసు. గాలికి వచ్చిన మందు వంగమడిని మాత్రం వదిలి చుట్టూ పడదు కదా. ఆఫీసర్లని రావద్దని చెప్పి, మర్నాడు బుధవారం వచ్చి సామాన్లు సర్దుకుందామనుకున్నాను.

బడికొచ్చేసరికి పిల్లలు నేల పుస్తకం పట్టుకుని గట్టు మీద కూర్చుని ఉన్నారు. లోపలికి అడుగు పెట్టొద్దన్నానని బయట నుంచే చూస్తున్నారు. వాళ్ళు రాసింది మీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ‘వంగమడి చుట్టూ జానెడు దాకా పచ్చగా ఉంది. నాలుగు మూలలా రాయి పెట్టిన గుంట ఉంది. మందు కొట్టినవాళ్ళకి మా వంగమొక్కలంటే ఇష్టం.’ దాని కింద ఇంకో చేతిరాత: ‘తడినేలలో చెప్పుల గుర్తులున్నాయి. గుర్తులకి ఎడమ పక్క ఎక్కువ మాడింది, కుడి పక్క తక్కువ. మందు గొట్టం ఎడమచేతిలో ఉంది.’

ఈ రెండోది రాసింది ఐదో తరగతి సాయికౌశిక్. వేణుగోపాల్ గారి మనవడు. ముందు రోజు తన తాత అందరి ముందూ తల దించుకుని వెళ్ళడం చూసిన పిల్లవాడు. "టీచర్, మన ఊళ్ళో ఎడమచేత్తో మందు కొట్టేదెవరు?" అని అడిగాడు. ఆశ్రిత లేచి నిలబడింది. "మా తాత" అంది. దగ్గరికి తీసుకోబోతే వెనక్కి జరిగింది. "మా తాత చెప్తాడు టీచర్. కొంచెం టైమియ్యండి" అంది.

"ఎన్ని రోజులే?" అన్నాడు సాయికౌశిక్. అది వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "పదిహేను. మా తాత అరుస్తాడు గానీ పని నిదానంగా చేస్తాడు" అంది. వాడు కళ్ళు తుడుచుకుని సరేనన్నాడు. పుస్తకంలో ఆ పేజీ చివర వాడే రాశాడు: ‘చేసింది ఎవరు: తెలుసు. చెప్పాల్సింది: వాళ్ళే.’

ఒకరి పెరట్లో దగ్గు వస్తే మూడో వీధిలో మందు చెప్పే ఊరు మనది. అలాంటి ఊళ్ళో ముప్ఫై రెండు మంది పిల్లలు ఇన్ని రోజులుగా ఇళ్ళల్లో ఒక్క ముక్క చెప్పలేదు. నేనెన్నో శిక్షణలకి వెళ్ళాను, ఎన్నో పాఠాలు చెప్పాను. ఇలాంటి పిల్లల్ని ఎక్కడా చూడలేదు. ఆ బుధవారం మధ్యాహ్నమే పొదిలి మాస్టారికి ఫోన్ చేసి క్షమించమన్నాను. బస్టాండులో మీరు విన్నది పాత కబురు. నేనెక్కడికీ వెళ్ళడం లేదు.

కాబట్టి నన్ను ఆపడానికి మీరు ఒప్పుకోనక్కర్లేదు. మీరు నాకు రాసిన ఉత్తరం మీద నాకు కోపం లేదు, గౌరవమే ఉంది. కానీ అది నాకు రావలసిన ఉత్తరం కాదు. వేణుగోపాల్ గారి పేరు పిల్లల ముందు పోయింది, పిల్లల ముందే తిరిగి రావాలి. మీరు ఆశ్రితకి తెలియకూడదనుకుంటున్నారు. అది తెలిసే మీ పక్కన కూర్చుని అన్నం తింటోంది, తెలిసే మీ వేలు పట్టుకుని బడికొస్తోంది.

రేపటితో పదిహేను రోజులు. రేపు డబ్బా తెరిచే వంతు ఆశ్రితది.

మీ
హేమశ్రీ


మన ఊరి నుంచి,
గురువారం పొద్దున

బడి పిల్లలందరికీ, చలమయ్య తాత రాస్తున్నాను.

అక్షరాలు చూసి నవ్వుకోకండి. ఈ ఉత్తరం ఎడమచేత్తో రాశాను. యాభై ఏళ్ళ తర్వాత ఇదే మొదటిసారి. మీరు గుర్తుపట్టిన చెయ్యి ఇదే కనుక, ఒప్పుకునేది కూడా ఇదే అయితే బాగుంటుందనిపించింది.

మీ చదరాల మీద గడ్డిమందు కొట్టింది నేను. గాలి కాదు, వేణుగోపాల్ తాత కాదు. మీరు నేర్చుకుంటున్నది నాకు గడ్డిలా కనపడింది, అది నా మొదటి తప్పు. నలుగురూ అడిగినప్పుడు అబద్ధమాడి వేరేవాళ్ళ మీదికి తోశాను, అది రెండోది, పెద్దది. నిన్న సాయంత్రం వేణుగోపాల్ తాత ఇంటికెళ్ళి చెప్పాను. "నాకా రోజే తెలుసు బావా. వంగమొక్కకి దుప్పటి కప్పే చాదస్తం ఊళ్ళో నీకు తప్ప ఇంకెవరికుంది?" అన్నాడు. మరి ఎందుకు నోరు మెదపలేదురా అంటే, "మా అక్క మొగుడివి, నిన్ను నలుగుర్లో ఏమంటాను" అన్నాడు. ఆ తర్వాత గంటసేపు తిట్టాడు. బుద్ధిగా కూర్చుని విన్నాను. సాయికౌశిక్, నువ్వు తలుపు వెనక నిలబడి విన్నావని నాకు తెలుసు. నీకు చేతులెత్తి మొక్కుతున్నానురా. నీ వయసులో నేనైతే ఒక్క పూట కూడా ఆగేవాణ్ణి కాదు.

ఉత్తరం మూల నేల మీద ఈ ఏడు మీరెవరూ చెయ్యి పెట్టొద్దు. అది కోలుకునేదాకా నేనే కంచె వేసి కాపలా ఉంటాను. ఈ లోపు బడి ఎదురుగా మా చేని పడమటి గట్టు మీకిస్తున్నాను. దాని మీద మందు పడి ఏడాది దాటింది. ఇక ముందు కూడా పడదు. పత్తికట్టె పుల్లలు కోసి ముప్ఫై మూడు చదరాలు కట్టి ఉంచాను. ముప్ఫై రెండు మీవి. మీరు ఒప్పుకుంటే ఆ చివరి అడుగు నేల నాది. నేనూ రోజూ వచ్చి కూర్చుంటాను. పీకను, నాటను, చూస్తాను. చూసింది రాస్తాను. తప్పులుంటే టీచరుగారు దిద్దుతారు. మాఘంలో మిరపకాయలు ఎక్కడ ఎండబెట్టుకోవాలో మేము పెద్దవాళ్ళం చూసుకుంటాం. బడి స్థలంలోకి ఒక్క కాయ కూడా రాదు.

ఆశ్రితా, ఇక్కడిదాకా తడబడకుండా చదివావా? తడబడినా ఫర్వాలేదమ్మా, రాసేటప్పుడు నేనూ తడబడ్డాను. నువ్విచ్చిన గడువు ఇవాళ్టితో తీరుతుంది, ఇంకా తీరలేదు. కాగితం మడిచి ఒకసారి గేటు వైపు చూడు. తాత వచ్చాడు.

మీ
ఎడమచేతి చలమయ్య